చింతగింజలతో ఫుట్‌బాల్: కాన్వే ఆటను ఇంట్లో ఆడటం ఎలా

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో పొద్దున పది దాటిందంటే పిల్లల్ని గ్రౌండుకు పంపడానికి ఎవరికీ మనసు రాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని మా వైపు క్రికెట్టే కాదు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కూడా బాగానే ఉన్నారు, వాళ్ళకు మధ్యాహ్నమంతా ఇంట్లో కూర్చోవడమంటే శిక్ష. అట్లాంటి ఇంట్లో ఉండాల్సిన ఆట ఒకటుంది. పైసా ఖర్చు లేదు, చార్టు, స్కేలు, పిడికెడు చింతగింజలు చాలు. నియమాలు పది నిమిషాల్లో వచ్చేస్తాయి, కానీ ఆడే కొద్దీ లోతు తెలుస్తుంది. పులి-మేక ఆడినవాళ్ళకు ఇంకా తొందరగా వస్తుంది.

దీని పేరు ఫిలాసఫర్స్ ఫుట్‌బాల్. కనిపెట్టింది జాన్ కాన్వే, ఇంగ్లండులో పుట్టిన గణిత శాస్త్రవేత్త, 2020లో కరోనాతో చనిపోయారు. కంప్యూటర్ చదివినవాళ్ళకు ఆయన 1970 నాటి గేమ్ ఆఫ్ లైఫ్ వల్ల తెలిసి ఉంటారు. ఈ ఫుట్‌బాల్ నియమాలు ఆయన ఎల్విన్ బెర్లెకాంప్, రిచర్డ్ గైలతో కలిసి 1982లో వేసిన పుస్తకంలో ఉన్నాయి.

ముందుగా ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి, మిగతా ఆటంతా దాని మీదే నడుస్తుంది. ఇందులో మీ టీము, ఎదుటివాళ్ళ టీము అని వేరువేరు గింజలు లేవు. బోర్డు మీద ఉన్న ప్రతి గింజా ఇద్దరిదీ. మీరు పెట్టిన గింజను ఎదుటివాళ్ళు వాడుకోవచ్చు, వాళ్ళు పెట్టింది మీరు వాడుకోవచ్చు. చదరంగం, క్యారమ్స్ అలవాటున్నవాళ్ళు మొదట్లో ఇక్కడే తడబడతారు, నా గింజ, నీ గింజ అనుకుంటూ ఆడతారు. ఆ ఆలోచన పోతేనే ఆట మొదలైనట్టు.

బోర్డు గీయడం

పూర్తి బోర్డుకు 19 అడ్డగీతలు, 15 నిలువుగీతలు కావాలి. గింజలు గడుల్లో కాదు, గీతలు కలిసే చుక్కల మీద పెడతాం, అంటే మొత్తం 285 చుక్కలు. మామూలు చార్టు పేపరు 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి గీతకు గీతకు మధ్య 3 సెంటీమీటర్లు వదిలితే పొడవు 54, వెడల్పు 42 సెంటీమీటర్లు వస్తుంది, చుట్టూ ఏడెనిమిది సెంటీమీటర్లు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని కత్తిరించొద్దు. తీసేసిన గింజలు పెట్టుకోవడానికి, గీత దాటిన బంతిని పెట్టడానికి పనికొస్తుంది. గో ఆట బోర్డు ఎవరి దగ్గరైనా ఉంటే దానికి రెండువైపులా 19 గీతలు ఉంటాయి, నాలుగు నిలువుగీతలు వదిలేసి ఆడొచ్చు.

పొడవు చివర్లలో ఉన్న రెండు అడ్డగీతలే గోల్ గీతలు. మీ వైపు ఉన్నది 1వ గీత, ఎదుటివాళ్ళ వైపుది 19వ గీత అనుకుందాం. అడ్డగీతలకు పక్కన 1 నుంచి 19 దాకా, నిలువుగీతలకు ఎడమ నుంచి 1 నుంచి 15 దాకా పెన్సిలుతో అంకెలు వేసుకోండి. కింద నేను 8-10 అని రాస్తే 8వ నిలువుగీత, 10వ అడ్డగీత కలిసే చుక్క అని అర్థం. అదే బోర్డుకు నట్టనడుమ చుక్క కూడా, బంతి మొదట అక్కడే ఉంటుంది.

గింజలకు చింతగింజలంత బాగుండేవి ఇంకోటి లేవు. నల్లగా, చదునుగా ఉంటాయి, దొర్లవు. బంతికి తెల్ల చొక్కా గుండీ గానీ గవ్వ గానీ పెట్టండి. నియమం ప్రకారం గింజలకు లెక్క లేదు, ఎన్నైనా పెట్టొచ్చు. అరవై డెబ్బై దగ్గర ఉంచుకుంటే ఇబ్బంది రాదు, ఎందుకంటే దూకినప్పుడల్లా గింజలు మళ్ళీ చేతికి వస్తూనే ఉంటాయి. ఇంట్లో కడప బండలు పరిచి ఉంటే చార్టు కూడా అక్కరలేదు, సుద్దముక్కతో నేల మీదే గీసేయండి. కాకపోతే నల్ల బండ మీద చింతగింజలు కనిపించవు, అక్కడ శెనక్కాయ విత్తనాలు బద్దలు చేసి చదునువైపు కిందికి పెట్టాలి, బంతికి ఎర్ర సీసా మూత పెట్టుకోవాలి. పిల్లలు ఆట మధ్యలో ఆటగాళ్ళను తినేయకుండా చూసుకోండి.

వంతులో చేసేది ఒక్కటే పని

ఇద్దరూ వంతులవారీగా ఆడతారు. మీ వంతు వచ్చినప్పుడు రెండింటిలో ఒకటి చేయాలి: ఖాళీగా ఉన్న ఏ చుక్క మీదైనా ఒక గింజ పెట్టడం, లేదా బంతిని దూకించడం. రెండూ చేయకూడదు, ఏదీ చేయకుండా వదిలేయకూడదు. పెట్టిన గింజ జరగదు, దాన్ని దూకినప్పుడే బోర్డు మీద నుంచి లేస్తుంది. జరిగేది బంతి ఒక్కటే, అది కూడా గింజల మీదుగా దూకడం ద్వారానే. పక్కన గింజ లేకపోతే బంతి కదలదు.

దూకడం ఇట్లా. బంతికి ఆనుకుని ఉన్న చుక్కలో గింజ ఉండాలి. నిలువు, అడ్డం, ఐమూల, ఎనిమిది దిక్కుల్లో ఎటైనా సరే. ఆ దిక్కులో తిన్నగా వెళ్ళి, గింజల వరుస అయిపోయాక వచ్చే మొదటి ఖాళీ చుక్కలో బంతి దిగుతుంది. పులి-మేకలో పులి ఒక మేకనే దూకుతుంది, వెనక ఇంకో మేక ఉంటే ఆగిపోతుంది కదా, ఇక్కడ అట్లా కాదు. వరుసగా రెండు ఉన్నా, ఐదు ఉన్నా, మధ్యలో ఖాళీ లేకపోతే అన్నింటినీ ఒకే దూకులో దాటాలి. దాటిన గింజలన్నీ అప్పటికప్పుడే తీసేయాలి, తర్వాతి దూకుకు ముందే. ఇది చాలా ముఖ్యం. ఒకసారి దాటిన గింజ ఆ వంతులో మళ్ళీ పనికిరాదు, అది ఉన్న చుక్క ఇప్పుడు ఖాళీ, అక్కడ బంతి దిగొచ్చు కూడా.

దిగిన చోట పక్కన ఇంకో గింజ ఉంటే అదే వంతులో మళ్ళీ దూకొచ్చు, ఎటువైపైనా, ఎన్నిసార్లయినా. ఎక్కడ ఆపాలో మీ ఇష్టం. అసలు దూకే అవకాశం ఉన్నా దూకాలని బలవంతం లేదు, గింజ పెట్టుకోవచ్చు.

ఒక ఉదాహరణ వేసి చూడండి. బంతి 8-10లో ఉంది. గింజలు 8-11, 8-12, 9-14, 10-16, 10-18లో ఉన్నాయి. మీ వంతు. బంతి పైకి దూకుతుంది, 8-11, 8-12 రెండింటినీ దాటి 8-13లో దిగుతుంది, ఆ రెండూ తీసేయండి. అక్కడి నుంచి ఐమూలగా 9-14ను దాటి 10-15. మళ్ళీ నిలువుగా 10-16ను దాటి 10-17. చివరికి 10-18ని దాటి 10-19. అది ఎదుటివాళ్ళ గోల్ గీత, అక్కడ ఆగారు, గోల్.

గోల్ గీత మీద ఆగినా గోలే, గీత దాటి బయటపడ్డా గోలే. పై ఉదాహరణలో 10-19లో కూడా గింజ ఉండి ఉంటే బంతి రెండింటినీ దాటి బోర్డు బయటికి పోయేది, అది కూడా లెక్కే. పక్క గీతలు మాత్రం అట్లా కాదు. 1వ, 15వ నిలువుగీతల బయటికి బంతి పోకూడదు. గింజల వరుస పక్క గీత దాకా ఉండి అవతల ఖాళీ చుక్క లేకపోతే ఆ దూకు చెల్లదు, అంతే.

చాలామంది తప్పుగా చెప్పే నియమం ఇంకోటి ఉంది. దూకులు జరుగుతుండగా బంతి గోల్ గీత మీద దిగి, అక్కడ ఆగకుండా అదే వంతులో మళ్ళీ దూకి బోర్డు లోపలికి వస్తే గోల్ కాదు, ఆట సాగుతుంది. వంతు ముగిసినప్పుడు బంతి ఎక్కడుందన్నదే లెక్క. అందుకే కొన్నిసార్లు మీ సొంత గోల్ గీతను తాకించి మరీ బంతిని వెనక్కి తిప్పి పైకి తీసుకెళ్ళొచ్చు. చూసేవాళ్ళకు గుండె ఆగినంత పనవుతుంది కానీ, అది పూర్తిగా చెల్లే ఎత్తు. అక్కడే ఆపితే మాత్రం సెల్ఫ్ గోల్, ఎవరు దూకించారన్నది చూడరు, బంతి మీ గీత మీద ఉంటే గోల్ వాళ్ళది. గోల్ గీత మీద గింజలు పెట్టడానికి కూడా అడ్డం లేదు.

అసలు నియమం ప్రకారం ఒక్క గోల్‌తో ఆట ముగుస్తుంది. పిల్లలు ఆడుతుంటే మూడు గోల్స్ మ్యాచ్ పెట్టండి. ప్రతి గోల్ తర్వాత బోర్డు ఖాళీ చేసి బంతి నడుమ పెట్టి, గోల్ తిన్నవాళ్ళు మొదలుపెడితే సరిపోతుంది.

ఇంట్లో పెట్టుకోవాల్సిన కట్టడి ఒకటి చెప్తాను, ఇది పుస్తకంలో ఉండదు. బంతిని ఎత్తే ముందు దారి మొత్తం వేలితో చూపించాలి. దూకుతూ గింజలు తీసేస్తూ పోయాక మధ్యలో ‘కాదు కాదు, ఇటు పోతా’ అంటే ఏ గింజ యాడ ఉండిందో ఎవరికీ గుర్తుండదు, గొడవ మొదలవుతుంది. వేలితో చూపించేటప్పుడు ఎన్నిసార్లయినా మార్చుకోనివ్వండి, మొదటి గింజ లేచిందంటే మాత్రం వెనక్కి లేదు.

ఆట ఎక్కడ గెలుస్తారు

నియమాలు అంతే. ఇప్పుడు మీకు వచ్చే మొదటి ఆలోచన ఏంటంటే, బంతి ముందు ఒకటి వదిలి ఒకటిగా గింజలు పేర్చుకుంటూ పోతే చాలు కదా అని. బంతి 8-10లో ఉంటే 8-11, 8-13, 8-15. దూకితే 12, 14, 16. మంచి ఆలోచనే. దీన్ని ఆపడానికి ఎదుటివాళ్ళు సాధారణంగా చేసేది మధ్య ఖాళీని నింపడం, అంటే 8-12లో గింజ పెట్టడం. చూడండి ఏమవుతుందో: ఇప్పుడు 11, 12, 13 ఒకే వరుస అయ్యాయి, బంతి మూడింటినీ కలిపి దాటి 14లో దిగుతుంది, అక్కడి నుంచి 15ను దాటి 16కే వస్తుంది. 14లో పెట్టినా అంతే, ముందు 12, తర్వాత నేరుగా 16. 16లోనే గింజ పెడితే ఇంకా నయం మీకు, బంతి 17లో దిగుతుంది. తిన్నగా ఉన్న దారిని ఖాళీలు నింపి తెంచలేరు. వాళ్ళ వంతు వృథా.

వంపు ఉన్న దారి మాత్రం వేరు. బంతి 8-10లో, గింజలు 9-11, 10-13, 10-15లో ఉన్నాయి. ఐమూలగా 10-12కు, అక్కడి నుంచి నిలువుగా 10-14, 10-16 అని మీ లెక్క. ఎదుటివాళ్ళు సరిగ్గా మలుపు చుక్కలో, 10-12లో గింజ పెడితే బంతి అక్కడ దిగలేదు, 9-11, 10-12 రెండింటినీ దాటి 11-13కు పోతుంది. అక్కడి నుంచి పక్కకు 10-13ను దాటితే 9-13. 10-15 అందని దూరంలో ఉండిపోయింది. ఒక్క గింజతో దారి తెగింది. కాబట్టి అడ్డుకోవాలంటే ఎదుటివాళ్ళ దారిలో మలుపు ఎక్కడుందో వెతకండి, మీ దారికి మలుపులు తప్పనప్పుడు ప్రతి మలుపుకూ ఇంకో దిక్కు ఉండేట్టు చూసుకోండి.

మరి తిన్నని దారిని ఆపేదెట్లా? దారిని కాదు, బంతిని కదిలించాలి. దీనికోసమే బంతి వెనక, అంటే మీరు కాపాడాల్సిన గీతకు దూరంగా తీసుకెళ్ళే వైపు, ఎప్పుడూ ఒకటి రెండు గింజలు ఉంచుకోవాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, నాకు ఈ ఆటలో అన్నింటికన్నా నచ్చింది ఇదే. బంతి 8-10లో ఉంది, మీ దారి 8-11 నుంచి మొదలవుతుంది. ఎదుటివాళ్ళకు 8-9లో ఒక గింజ ఉంది. వాళ్ళు దాన్ని దూకితే బంతి 8-8కి వస్తుంది. పోయిందేమీ లేదు, మీరు మళ్ళీ 8-9లో ఒక గింజ పెడితే బంతి 10కి, అక్కడి నుంచి పాత దారిలోకి పోగలదు. కానీ వాళ్ళకు 8-9, 8-8 రెండింటిలోనూ గింజలు ఉండి ఉంటే? బంతి 8-7కి పోతుంది. ఇప్పుడు 8-8లో గింజ పెడితే బంతి 9లో దిగి ఆగిపోతుంది, 11 అందదు. తిన్నని దారి మళ్ళీ అతకాలంటే రెండు గింజలు కావాలి, 8, 9లో గానీ 8, 10లో గానీ, అంటే రెండు వంతులు. ఆ రెండు వంతుల్లో వాళ్ళు ఎంతో చేసుకుంటారు. రెండు గీతలు వెనక్కి లాగితే ఒక్క గింజతో అతుకుతుంది, మూడు గీతలు లాగితే అతకదు. ఇది తెలిసినవాళ్ళు ఒక గింజ మీద కాకుండా జంట గింజల మీద వెనక్కి లాగుతారు.

దూకే తొందర తగ్గించుకోండి. ముందు ఒక గింజ పెట్టి తర్వాతి వంతులోనే దాన్ని దూకేస్తే రెండు గీతలు ముందుకు పోయినట్టు అనిపిస్తుంది. కానీ ఆ గింజ పోయింది, బంతి ఒంటరిగా నిలబడింది, వంతు ఎదుటివాళ్ళది. వాళ్ళు వెనక ఒకటి పెట్టి మళ్ళీ లాగుతారు. దూకిన ప్రతిసారీ కట్టుకున్నది ఖర్చవుతుంది, ఆ ఖర్చుకు తగ్గ దూరం వస్తేనే దూకాలి.

ఆపేటప్పుడు మాత్రం ముందుకు ఎంత పోయామన్నది కాకుండా వెనక ఏం మిగిలిందో చూడాలి. మీరు ఎడమవైపు ఒక దారి, కుడివైపు ఒక దారి కట్టుకున్నారు, ఎడమ దారిలో దూకుతూ 16వ గీత దాకా వెళ్ళి ఆపారు. వాడని కుడి దారి గింజలన్నీ ఇప్పుడు బంతికి వెనక ఉన్నాయి. గింజలు ఇద్దరివీ అని మొదట్లో చెప్పింది ఇందుకే, అవి ఇప్పుడు మీ గోల్ వైపు సిద్ధంగా ఉన్న దారి. ఎదుటివాళ్ళు ఒక్క గింజతో బంతిని ఆ దారికి కలిపితే మరుసటి వంతులో బంతి బోర్డు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేస్తుంది. అందుకే ఆపే ముందు, దిగే చుక్క చుట్టూ ఉన్న ఎనిమిది చుక్కల్ని చూడండి, ముఖ్యంగా వెనక వైపు మూడింటిని. అవసరమైతే ఒక దూకు ముందే ఆపండి, లేదా దారి మధ్యలో పక్కకు తిరిగి ఆ మిగిలిన గింజల్లో రెండు మూడు తినేసి మళ్ళీ పైకి రండి. ఇట్లా దారి శుభ్రం చేసుకుంటూ పోవడం వచ్చిందంటే మీ ఆట ఒక మెట్టు ఎక్కినట్టే.

పక్క గీతల దగ్గర బంతికి దిక్కులు తగ్గుతాయి. నడుమ ఎనిమిది దిక్కులు. 15వ నిలువుగీత మీద ఐదే. 14వ దాని మీద కూడా నిజానికి ఐదే, ఎందుకంటే కుడివైపు దూకితే దిగేది బోర్డు బయట. మీరు వెనకబడి ఉంటే బంతిని అటు నెట్టండి, ఎదుటివాళ్ళ దారులు సగం మూసుకుపోతాయి.

ఇంత చెప్పినా, నిండుగా గింజలున్న బోర్డు చూసి ఈ వంతులో గోల్ ఉందో లేదో తేల్చడం ఎంత కష్టమో ఆడితేనే తెలుస్తుంది. ఎరిక్ డిమెయిన్, మార్టిన్ డిమెయిన్, డేవిడ్ ఎప్‌స్టైన్ అనే ముగ్గురు సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుని, బోర్డు ఎంత పెద్దదైనా కావచ్చనుకుంటే ఒక్క వంతులో గెలుపు ఉందా అని తేల్చడమే ఎన్‌పీ-కంప్లీట్ అని నిరూపించారు. అంటే బోర్డు పెరిగే కొద్దీ కంప్యూటర్‌కు కూడా తొందరగా తేల్చే పద్ధతి తెలియనంత గట్టి సమస్య. చెకర్స్ అనే బోర్డు ఆటలో ఇదే ప్రశ్న కంప్యూటర్‌కు సులభం. ఇక్కడ ముందు ఎటు తిరిగారన్నదాన్ని బట్టి తర్వాత దారులు ఉంటాయి, పోతాయి. మీ పాప అయిదు నిమిషాలు బోర్డు వైపు చూస్తూ కూర్చుంటే తొందరపెట్టకండి, ఆమె చేస్తున్నది నిజంగా కష్టమైన పని.

చిన్నపిల్లలకు 285 చుక్కలు ఎక్కువ. 11 అడ్డగీతలు, 9 నిలువుగీతలతో చిన్న బోర్డు గీయండి, బంతి 5-6లో పెట్టండి, నియమాలన్నీ అవే. పెద్దవాళ్ళు పిల్లలతో ఆడేటప్పుడు కావాలని ఓడిపోవద్దు, వాళ్ళకు తెలిసిపోతుంది. దాని బదులు బంతిని మొదటే పెద్దవాళ్ళ గోల్ వైపు మూడు నాలుగు గీతలు జరిపి మొదలుపెట్టండి, అప్పుడు ఇద్దరూ నిజంగా ఆడొచ్చు. ఎవరూ తోడు లేనప్పుడు ఒక్కరే చేయగల సాధన కూడా ఉంది: బంతి నడుమ పెట్టి, దాని చుట్టుపక్కల పది పన్నెండు గింజలు ఇష్టమొచ్చినట్టు చల్లి చుక్కల మీద సర్ది, గింజలు తాకకుండా, కళ్ళతోనే, ఒక్క వంతులో బంతి ఎంత దూరం పోగలదో వెతకండి. తర్వాత అదే అమరికలో ఒక్క గింజ అదనంగా ఎక్కడ పెడితే ఇంకా దూరం పోతుందో చూడండి.